గుండె జబ్బులో మందు కాని మందు: అర్ధశక్తి నడక

మొన్న మాఘమాసంలో ఒక రైతు చేతిలో ఒక కరపత్రం పట్టుకొని మా వైద్యశాలకు వచ్చారు. వారిది మా కొల్లిపర మండలంలోనే కృష్ణ కరకట్టను ఆనుకొని ఉన్న గ్రామం. వయస్సు అరవై దాటింది. ఏడాదిన్నర క్రితం గుండె రక్తనాళంలో పూడిక ఏర్పడగా స్టెంటు వేయించుకొన్నారు. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "మందులు లేవు, కోత లేదు, నొప్పి లేదు" అని అచ్చు వేసి ఉంది. కాళ్ళకు పట్టీలు చుట్టి చేసే ఒక యంత్ర చికిత్సను గురించిన ప్రకటన అది.

"వైద్యులు గారూ, రోజుకిన్ని బిళ్ళలు మింగలేకపోతున్నానండీ. ఈ యంత్రం వైద్యం చేయించుకొంటే బిళ్ళలు మానేయవచ్చునా? పోనీ, మీరు చెప్పినట్లు రోజూ నడిస్తే మానేయవచ్చునా?" అని వారడిగారు.

ఆ ప్రశ్న వినగానే నా మనస్సు కలుక్కుమన్నది. ఇటువంటి ప్రశ్నకే ఒకప్పుడు నేను సగం జవాబు చెప్పి, దాని ఫలితాన్ని కళ్ళారా చూచినవాడను. అందుచేత ఈసారి పూర్తి జవాబు చెప్పాను. అది పాఠకులకు కూడా ఉపకరించగలదనే ఉద్దేశ్యంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చెప్పిన సగం మాట

మా మేనమామ పసుపు రైతు. 2010 శ్రావణమాసంలో ఛాతీనొప్పి రాగా, పరీక్షలు చేసి స్టెంటు వేశారు. ఇంటికి వచ్చిన నెలన్నరకు, గుండె వైద్యుల అనుమతి మీద, నా ప్రోద్బలంతో కాలువ గట్టున నడక ప్రారంభించారు. మొదట మర్రిచెట్టు దాకా వెళ్ళి కూర్చుండిపోయేవారు. కార్తీకం వచ్చేసరికి రేవు దాకా పోయి ఆయాసం లేకుండా తిరిగి వచ్చేవారు. ముఖంలో కళ వచ్చింది.

ఆ కార్తీకంలోనే ఊరివారంతా తోటలో వనభోజనాలు చేశారు. భోజనాలైన తరువాత ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉత్సాహం కొద్దీ మావయ్యను అందరికీ చూపించి, "నడిచేవానికి మందులతో పనేమి?" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నడక గొప్పదనాన్ని చెప్పటమే నా ఉద్దేశ్యం గాని, బిళ్ళలు మానమని చెప్పటం కాదు. కాని ఆ తేడాను నేను విడమరచి చెప్పలేదు.

2011 ఫిబ్రవరిలో, పసుపు ఉడికించే రోజులలో, పొయ్యి దగ్గరే మావయ్య గుండె పట్టుకొని కూలబడ్డారు. గుంటూరు తీసుకొనిపోయాము. స్టెంటులో రక్తం గడ్డకట్టిందన్నారు. వైద్యులు నాళాన్ని మళ్ళీ తెరిచి ప్రాణం నిలిపారు. కాని గుండె కండరంలో కొంత భాగం అప్పటికే దెబ్బతిన్నది. "మందులు సక్రమంగా వాడుతున్నారా?" అని వారడిగితే, "వాడుతున్నారండీ" అని నేనే ధైర్యంగా చెప్పాను.

మరునాడు అత్తయ్య ఇంటి నుంచి బిళ్ళల డబ్బా తెచ్చారు. మూడు నెలల షీట్లు విప్పకుండా అలాగే ఉన్నాయి. "నడిస్తే మందులొద్దని నువ్వే కదరా అబ్బాయ్ అందరిలో చెప్పావు. ఆ రోజు నుంచే మానేశారు మీ మావయ్య" అన్నారు. ఆ మాటలో నింద లేదు. అందువల్లనే అది నన్ను ఎక్కువగా బాధించింది.

రక్తనాళం ఒట్టి గొట్టం కాదు

గుండె జబ్బు పట్టణవాసుల జబ్బు అని ఇంకా కొందరు అనుకొంటారు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003, 2004 సంవత్సరాల ప్రాంతంలో సంభవించిన మరణాలకు కారణాలను పరిశోధకులు ఆరా తీశారు. మూడింట ఒక వంతు, అనగా 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరిగినట్లు తేలింది. మన డెల్టా పల్లెలు కూడా అటువంటివే కదా! కనుక రక్తనాళం అంటే ఏమిటో ప్రతి ఇంటివారూ తెలుసుకొనవలసి ఉన్నది.

రక్తనాళపు లోపలి గోడకు ఒకే ఒక కణం మందంతో సున్నితమైన పొర ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. చాలాకాలం పాటు శాస్త్రజ్ఞులు దీనిని ఒట్టి అస్తరు గుడ్డ వంటిదిగా భావించారు. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఒక విశేషం వెల్లడించాడు. కుందేలు రక్తనాళంలో ఈ పొర చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఎసిటైల్ కోలీన్ అనే పదార్థం తగిలితే నాళం సడలుతుంది. పొరను గీకివేస్తే అదే పదార్థానికి నాళం సడలదు, పైగా ముడుచుకొంటుంది. పొర నుంచి వెలువడే ఏదో ఒక సంకేతం నాళాన్ని సడలిస్తున్నదన్న మాట. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తరువాత తేలింది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వాయువు నాళాన్ని సడలించటమే గాక, రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా కూడా తోడ్పడుతుంది. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, చెడు కొలెస్టరాల్ ఈ పొరను దెబ్బతీస్తాయి. అప్పుడు విప్పారవలసిన వేళ నాళం ముడుచుకొంటుంది. నాళంలో పూడిక ఎంత ఉన్నదన్నది ఎంత ముఖ్యమో, ఈ పొర ఎంత ఆరోగ్యంగా ఉన్నదన్నదీ అంత ముఖ్యం.

నడక చేసే మేలు

రక్తప్రవాహం వేగంగా సాగినప్పుడు దాని ఒరిపిడి ఈ పొర మీద పడుతుంది. ఆ ఒరిపిడిని గ్రహించి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఇదే కీలకం. నడిచినప్పుడు రక్తప్రవాహం పెరుగుతుంది. ప్రతిదినం అలా పెరుగుతూ ఉంటే, బలహీనపడిన పొర తన పనిని మళ్ళీ నేర్చుకొంటుంది.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో రైనర్ హామ్‌బ్రెక్ట్ బృందం గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 19 మందిని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించింది. కొందరి చేత నాలుగు వారాల పాటు వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. మిగిలినవారి చేత చేయించలేదు. వ్యాయామం చేసినవారిలో ఎసిటైల్ కోలీన్ తగిలినప్పుడు గుండె నాళం ముడుచుకొనటం సుమారు సగానికి తగ్గింది. అదే బృందం 2004లో, జబ్బు నిలకడగా ఉన్న 101 మంది పురుషుల మీద జరిపిన మరొక పరిశోధన వెల్లడించింది. ఏడాది పాటు రోజుకు ఇరవై నిమిషాలు వ్యాయామ సైకిలు త్రొక్కినవారిలో 88 శాతం, స్టెంటు వేయించుకొన్నవారిలో 70 శాతం మంది కొత్త ఆపద లేకుండా గడిపారు.

ఈ అంకెలను చదివి తొందరపడరాదు. అది చిన్న పరిశోధన. అందులో ఉన్నది జబ్బు నిలకడగా ఉన్నవారే. వ్యాయామం చేసినవారు కూడా తమ మందులను వాడుతూనే చేశారు. గుండెపోటు వచ్చిన గడియలో నాళాన్ని తెరిచే చికిత్సకు నడక ప్రత్యామ్నాయం కానేకాదు.

మరొక అపోహను కూడా తొలగించవలసి ఉన్నది. కాలువలో పూడిక తీసినట్లు నడక నాళంలోని పూడికను తీసివేస్తుందని చాలామంది అనుకొంటారు. అలా జరగదు. నాళపు గోడకు తిరిగి విప్పారే శక్తిని ఇవ్వటమే నడక చేసే ప్రధానమైన మేలు. ఆ మేలు కూడా నడక సాగినంత కాలమే. గుండెపోటు వచ్చిన 209 మందిపై జరిపి 2009లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగు వారాల వ్యాయామంతో మెరుగుపడిన నాళాలు, వ్యాయామం మానిన నెలరోజులకే యథాస్థితికి వచ్చాయి. సంక్రాంతికి మొదలుపెట్టి శివరాత్రికి మానేసే నడక వల్ల నిలిచే ప్రయోజనం లేదు.

ఆయుర్వేదం చెప్పిన హద్దు

చరక సంహిత హృదయాన్ని పది మహాధమనులకు మూలస్థానంగా వర్ణించింది. హృదయాన్ని, ఆ ధమనులను, ఓజస్సును కాపాడుకొనగోరేవాడు మనస్సుకు దుఃఖం కలిగించే కారణాలను విశేషించి విడిచిపెట్టవలెనని ఉపదేశించింది. గుండెను, నాళాలను, మనస్సును ఒకే చోట చెప్పటం గమనించదగినది.

వ్యాయామం విషయంలో వాగ్భటుడు అష్టాంగ హృదయంలో స్పష్టమైన హద్దు గీశాడు. బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు కూడా చలికాలంలోను వసంతంలోను తమ బలంలో సగం మేరకే వ్యాయామం చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకన్నా తక్కువే. ఇదే అర్ధశక్తి. నోటితో శ్వాస తీసుకొనవలసిన స్థితి రావటమే సగం బలానికి గుర్తు అని సుశ్రుతుని మాట. హద్దు మీరితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి మొదలైనవి కలుగుతాయని వాగ్భటుడు హెచ్చరించాడు. వృద్ధులను, అజీర్ణం ఉన్నవారిని వ్యాయామం మానమని కూడా చెప్పాడు.

బలవంతునికే సగం హద్దు అయినప్పుడు, గుండె జబ్బు ఉన్నవారికి అంతకంటే తక్కువ హద్దు ఉండటం న్యాయం. నేటి గుండె వైద్యులు చెప్పే సూత్రం కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలగవలెను, కాని పాట పాడగలిగినంత తేలికగా ఉండరాదు. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనదన్న మాట. బీటా బ్లాకర్ బిళ్ళలు వాడేవారిలో నాడి వేగం మందుతోనే తగ్గి ఉంటుంది గనుక, నాడిని లెక్కించుకొనటం కన్నా ఈ మాట పరీక్షే నమ్మదగినది.

యంత్రం, ఆవిరి, యోగం

ఇక ఆ రైతు తెచ్చిన కరపత్రంలోని యంత్రం సంగతి. దీనిని ఈఈసీపీ అంటారు. పిక్కలకు, తొడలకు, పిరుదులకు గాలి పట్టీలు చుడతారు. గుండె విశ్రాంతి తీసుకొనే క్షణంలో ఇవి క్రింది నుంచి పైకి వరుసగా బిగుసుకొని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. గుండె కొట్టుకొనే క్షణానికి వదులవుతాయి. సాధారణంగా రోజుకొక గంట చొప్పున 35 గంటలు చేస్తారు. మందులు వాడుతున్నా ఛాతీనొప్పి తగ్గక, ఆపరేషన్‌కు వీలు లేనివారిలో నొప్పి తగ్గించటానికి ఇది ముఖ్యంగా ఉపయోగపడుతున్నది. అటువంటి 42 మందిపై జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో చేతి, కాలి రక్తనాళాల విప్పారే శక్తి కూడా పెరిగింది. కనుక ఇది బూటకం కాదు. అలాగని పూడికను కరిగించే మంత్రమూ కాదు. గుండె కవాటం ఎక్కువగా కారుతున్నవారికి, కాలి సిరలలో రక్తం గడ్డకట్టినవారికి, రక్తపోటు అదుపులో లేనివారికి ఇది తగదు. "మందులు లేవు" అన్న కరపత్రపు మాటకు అర్థం ఆ చికిత్సలో మందు వాడరని మాత్రమే. మీరు వాడుతున్న మందులు మానవచ్చునని కాదు.

జపాన్‌లోని కగోషిమాలో చువా తేయి అనే వైద్యుడు 60 డిగ్రీల పొడివేడి గదిలో 15 నిమిషాలు కూర్చుండబెట్టి, తరువాత 30 నిమిషాలు దుప్పట్లు కప్పి విశ్రాంతి ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దీనివల్ల నాళాల లోపొర మెరుగుపడినట్లు చిన్న పరిశోధనలు చూపాయి. ఇది మన స్వేదకర్మను జ్ఞప్తికి తెస్తుంది. కాని చరకుడు హృదయ స్థానానికి స్వేదం మృదువుగా ఇవ్వవలెను, లేదా అసలే ఇవ్వరాదని అన్నాడు. రక్తపోటు బిళ్ళలు వాడేవారికి వేడిలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగవచ్చు. కనుక ఇంటిలో ఆవిరిపెట్టెల ప్రయోగం వద్దు.

యోగం విషయంలో మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. 24 కేంద్రాలలో, గుండెపోటు వచ్చిన 3,959 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి 12 వారాల పాటు యోగ శిక్షణ ఇచ్చారు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మరణాలు, పెద్ద ఆపదలు గణనీయంగా తగ్గినట్లు రుజువు కాలేదు. కాని యోగం నేర్చినవారు తమ ఆరోగ్యం బాగున్నదని చెప్పటం, పూర్వపు పనులలోకి తిరిగి వెళ్ళగలగటం ఎక్కువగా కనిపించింది. వ్యాయామం చేయటానికి భయపడేవారికి, మనస్సు కలత చెందినవారికి ఇది మంచి తోడు.

నడక విధానం

1. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేక బైపాస్ అయినవారు తమ గుండె వైద్యుని అనుమతి పొందిన తరువాతనే నడక ప్రారంభించవలెను. విశ్రాంతిలో కూడా నొప్పి వచ్చేవారు ప్రారంభించరాదు.

2. మొదటి వారం చదునైన నేల మీద 5 నుంచి 10 నిమిషాలు చాలు. వారానికి కొన్ని నిమిషాల చొప్పున పెంచుకొంటూ 30 నిమిషాలకు రావలెను. వారానికి అయిదు దినాలు, మొత్తం 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకొనవలెను.

3. మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు మెల్లగా నడవవలెను. ఉన్నట్టుండి ఆగిపోరాదు.

4. భోజనం చేసిన వెంటనే నడవరాదు. చలి నాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది గనుక పుష్యమాసపు మంచులో తెల్లవారకముందే బయలుదేరక, ఎండ పొడ వచ్చిన తరువాత నడవవలెను. రోహిణీకార్తె ఎండలలో ఉదయం పెందలకడనే గాని, సాయంకాలం చల్లబడిన తరువాత గాని నడవవలెను.

5. నాలుక క్రింద పెట్టుకొనే బిళ్ళ వైద్యులు ఇచ్చి ఉంటే దానిని జేబులో ఉంచుకొనవలెను. మొదటి నెలలో ఒక తోడు ఉండటం మంచిది.

6. ఛాతీలో బిగుతు, దవడకు గాని ఎడమ చేతికి గాని ప్రాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు తిరగటం కలిగితే వెంటనే కూర్చుండవలెను. నొప్పి కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోన్ చేయవలెను. "వాయువేమో, వాము నమిలితే తగ్గుతుంది" అని ఇంటిలో కాలయాపన చేయరాదు.

7. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానవలెను. ఇతరులు వదలిన పొగ కూడా లోపొరకు హానికరమే. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలలోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే.

"పొలంలో రోజంతా నడుస్తూనే ఉంటాను, వేరే నడక ఎందుకు?" అని రైతు సోదరులు అడుగుతారు. వెనుకటి కాలంలో అది నిజం. నేడు గట్టు దాకా మోటారు సైకిలు, దుక్కికి ట్రాక్టరు. పొలంలో మన నడక నాలుగడుగులు వేసి ఆగటం, మళ్ళీ నాలుగడుగులు వేయటం. నాళానికి కావలసినది కొంతసేపు ఎడతెగక సాగే ప్రవాహం.

మందులు ఎందుకు మానరాదు?

స్టెంటు లోహపు జల్లెడ వంటిది. దాని మీద కొత్త లోపొర పరచుకొనేవరకు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఆ ప్రమాదాన్ని ఆపేవి రక్తాన్ని పలుచన చేసే బిళ్ళలే. నడక ఆ పని చేయలేదు. బీటా బ్లాకర్ వంటి బిళ్ళలను ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరగబెట్టవచ్చు. అలాగే తెల్లమద్ది చెక్క కషాయం, వెల్లుల్లి వంటివి మన ఇంటి వైద్యమే అయినా, చెట్టుమందు కూడా మందే. రక్తాన్ని పలుచన చేసే బిళ్ళలు వాడేవారు వీటిని ఔషధంగా సేవించదలచినప్పుడు ఆ సంగతి గుండె వైద్యునికి తప్పక చెప్పవలెను.

బిళ్ళల సంఖ్య తగ్గించుకొనరాదని నేననను. తగ్గించవలసినది వైద్యుడు, రోగి కాదు. నేను ఆ రైతు వాడుతున్న బిళ్ళల పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసి, "ఇందులో ఏవి తప్పనిసరి, ఏవైనా తగ్గించవచ్చునా?" అని వారి గుండె వైద్యుని అడిగి రమ్మన్నాను. పది రోజులకు వారు తిరిగి వచ్చారు. స్టెంటు వేసి ఏడాది దాటినందున, రక్తాన్ని పలుచన చేసే రెండు బిళ్ళలలో ఒకదానిని వైద్యులే ఆపి, మిగిలినవి కొనసాగించమన్నారట. నడకకు కూడా అనుమతి ఇచ్చారు. కరపత్రం సంగతి అడిగితే, "ప్రస్తుతం మీకు దాని అవసరం లేదు" అన్నారట.

ఇప్పుడు వారు ప్రతిదినం సాయంకాలం కాలువ గట్టుకు వస్తున్నారు. మా మావయ్య కూడా వస్తారు. వారికిప్పుడు డెబ్బది అయిదు దాటాయి. గుండె బలహీనపడినందువల్ల రేవు దాకా పోలేరు, మర్రిచెట్టు దాకా వెళ్ళి కూర్చుంటారు. చొక్కా జేబులో చిన్న బిళ్ళల డబ్బా ఉంటుంది. కొత్తగా నడకకు వచ్చినవారెవరైనా కనిపిస్తే, నన్ను చూపించి, "మా వాడు చెప్పేది పూర్తిగా వినండి, నాలాగా సగం విని వెళ్ళకండి" అంటారు. సగం విన్నది వారు కాదు, సగం చెప్పినవాడిని నేను. అందుకే పాఠకులకు పూర్తి మాట చెప్పి ముగిస్తున్నాను. నడవండి, మీ బలంలో సగానికి లోపలనే, ప్రతిదినం నడవండి. మందులు వేసుకొని నడవండి.